రూపాయల్లోకి మార్చి చూడకండి

(హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాలులో, విదేశీ ఉద్యోగాల కోసం ప్రయత్నిస్తున్న విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇటు పక్క కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. అమ్మలు, నాయనలు కూడ వచ్చిండ్రు, సంతోషం. ఈ ముచ్చట పిల్లలకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరం.

మన వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌తోని మొదలుపెడ్త. మాది పరకాల దిక్కు, మా బాపు మిర్చి రైతు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి బస్తాల ట్రాక్టర్ మీద కూసోని బాపుతోని మార్కెట్‌కు పోయిన. రాత్రి యార్డులోనే పండుకున్నం. పొద్దుగాల జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, అయింది. తెల్లారి పేపర్లో వచ్చే ధర ఈ జెండా పాటదే. ఒకరిద్దరి సరుకుకే ఆ ధర పడుతది, మిగతా యార్డంత దాని కిందికే పోతది. ఊర్లో మాత్రం అందరూ జెండా పాట ధర చెప్పుకొని మురుస్తరు.

మా బస్తాల దగ్గరికి ఖరీదుదారు వచ్చిండు. మూతి విప్పించి, మోచేతి దాక చెయ్యి పెట్టి గుప్పెడు మిర్చి తీసిండు. ఒక కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపిండు. బాగ ఎండిన కాయయితే లోపల గింజ గలగలమంటది. తొడిమె తుంచి చూసి, 'తేమ ఉన్నది పెద్దమనిషీ' అని జెండా పాటకు బాగ కిందికి ఒక ధర చెప్పిండు. బాపు ఏం మాట్లాడలే. సంచిలకెళ్లి దబ్బనం తీసి, సుతిలి ఎక్కించి, బస్తా మూతి కుట్టుడు మొదలుపెట్టిండు. ఒకటి కుట్టిండు, రెండోది కుట్టిండు. 'ఏం చేస్తవ్ మరి?' అని ఆయన అడిగితే, 'కోల్డ్ స్టోరేజిల పెడ్త' అన్నడు. అంతే. ఆ మనిషి అటు రెండు వరుసలు తిరిగి మళ్ల వచ్చిండు, ధర పెంచిండు. జెండా పాట అంత రాలే. కానీ మొదట చెప్పినదాని మీద బాగనే పెరిగింది.

అట్లాంటి బాపు కొడుకును నేను. 2014లో మ్యూనిక్‌లో ఒక కంపెనీ నాకు ఫోన్ల ఇంటర్వ్యూలు చేసి, చివరికి 'ఎంత జీతం ఆశిస్తున్నరు?' అని అడిగితే, నాకు మిర్చి యార్డు గుర్తుకు రాలే. అప్పటికి హైదరాబాద్‌లో నా ప్యాకేజీ 7 లక్షల 20 వేలు. ఏం చెప్పాలెనో తెల్వక 'మీ ఇష్టం సార్' అన్న. వాళ్లు 38,000 యూరోలు అన్నరు. అప్పుడు యూరో 80 రూపాయల చుట్టూ ఉండె. ఫోన్ పట్టుకునే మనసులో గుణించిన. 30 లక్షల 40 వేలు! నాలుగు రెట్లు! నోట్లకెళ్లి 'యెస్' తప్ప ఇంకో మాట రాలే. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ ఏడ్చింది.

మ్యూనిక్‌లో మొదటి నెల జీతం అన్ని కోతలు పోను రెండు వేల పైచిలుకు యూరోలు చేతికి వచ్చింది. కిరాయే తొమ్మిది వందలు. అయినా నేను రూపాయల్లోనే చూసుకుంటున్న కాబట్టి బాగనే ఉన్నదనుకున్న. ఏడాది గడిచినంక ఒకరోజు క్యాంటీన్‌లో, నాతోని ఒకే నెల చేరిన పోలండ్ అతను, అదే పని, అదే అనుభవం, మాటల్లో తన జీతం చెప్పిండు. 52,000. నాకు చేతిల ముద్ద చేతిలనే ఉండిపోయింది.

వాళ్లు నన్ను మోసం చేసిండ్రా అని రాత్రంత ఆలోచించిన. తర్వాత అసలు సంగతి తెలిసింది. ఐటీ లాంటి కొరత ఉన్న పనులకు ఆ ఏడాది జర్మనీ బ్లూ కార్డుకు, అంటే చదువుకున్న బయటి దేశపోళ్లకు ఇచ్చే ఉద్యోగ వీసాకు, కావాల్సిన కనీస జీతం 37,128 యూరోలు. నాకు ఇచ్చింది 38,000. అంటే నా పని విలువ ఎంతని ఎవ్వరూ లెక్కగట్టలే. వీసా రావడానికి ఎంత కావాలెనో చూసి, దాని మీద ఇంత పోసి ఇచ్చిండ్రు. నేను ఇంకో అంకె చెప్పలేదు కాబట్టి వాళ్లకు ఇంకో అంకె అవసరం పడలే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. రూపాయల్లోకి మార్చి చూసుకున్నోడు తక్కువకు ఒప్పుకుంటడు. అవతలి మనిషికి ఆ సంగతి ఎరుకే.

వీసాకు పెట్టే కనీస జీతం ఆ దేశం పెట్టిన గడప, అంతే. 2025 లెక్క చెప్త. జర్మనీ బ్లూ కార్డుకు మామూలుగ 48,300 యూరోలు, ఐటీకి, కొత్తగ డిగ్రీ అయినోళ్లకు 43,759.80. నెదర్లాండ్స్‌లో హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ వీసాకు 30 ఏండ్లు దాటితే నెలకు 5,688 యూరోలు, దాటకపోతే 4,171. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకు జులై నుంచి 41,700 పౌండ్లు. సింగపూర్ ఎంప్లాయిమెంట్ పాస్‌కు నెలకు 5,600 సింగపూర్ డాలర్ల నుంచి మొదలై వయసుతోని పెరుగుతది. ఈ అంకెలు ఏటేటా మారుతయి, మీరు పోయే ఏడాది అంకె ఆ ప్రభుత్వం సైటులోనే చూసుకోండి. ఆఫర్ లెటర్‌లో అంకె దీనికి దగ్గర దగ్గర కనబడిందంటే, మీకు ధర కట్టలేదు, గడప దాటిస్తున్నరంతే అని అర్థం చేసుకోవాలె.

అమెరికాది వేరే పద్ధతి. హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసాకు అక్కడి కార్మిక శాఖ ఊరిని బట్టి, పనిని బట్టి నాలుగు లెవెళ్ల జీతాలు పెడుతది. అదే పని చేసే మిగతావాళ్లకు కంపెనీ ఇచ్చే జీతం, శాఖ చెప్పిన జీతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది మీకు ఇయ్యాలె. ఇంత జీతం ఇస్తమని కంపెనీ రాసిచ్చే లేబర్ కండిషన్ అప్లికేషన్ అని ఒక కాగితం ఉంటది. దాని కాపీ మీకు ఇచ్చే బాధ్యత కంపెనీది, మీరు పనిలో చేరే రోజుకల్ల చేతిల ఉండాలె. కంపెనీలు పెట్టే ఈ అప్లికేషన్ల వివరాలను కార్మిక శాఖే బయటపెడుతది. ఏ కంపెనీ ఏ ఊర్లో ఏ పోస్టుకు ఎంత చూపించిందో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంతకన్నా మంచి ధరల పట్టిక ఎక్కడ దొరుకుతది? ఎనిమిదేండ్ల అనుభవం ఉన్న మనిషికి అన్నిటికన్న కిందిదైన మొదటి లెవెల్ రాసి పంపుతుంటే, అప్పుడే అడగాలె.

ఇంకో సంగతి, మన పిల్లలు దీనికే ఎక్కువ నష్టపోతున్నరు. హెచ్‌-1బీ పిటిషన్ ఫీజు, లాయర్ ఫీజు కంపెనీయే పెట్టుకోవాలె. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూసోబెడితే ఆ రోజులకు కూడ జీతం ఇయ్యాలె. ఇది చట్టం. 'ప్రాజెక్టు దొరికినంక జీతం మొదలైతది, ఫీజు మీరే కట్టుకోండి' అని ఎవరన్న అన్నరంటే, అది బేరం కాదు, అక్కడికెళ్లి లేచి రావాలె. 2025 సెప్టెంబర్‌లో, అమెరికా బయట ఉన్నోళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టిండ్రు. ఆ పేరు చెప్పి 'మీ జీతంలో సర్దుకుందాం' అనేటోళ్లు కూడ ఉంటరు. ఒప్పుకోకండి.

ఇప్పుడు లెక్క ఎట్ల వేసుకోవాలెనో చూద్దాం. నేను బాగ ఎరిగిన జర్మనీతోనే చెప్త. ఏడాదికి 60,000 అంటే నెలకు 5,000. పింఛనుకు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3, ఆరోగ్య బీమాకు ఎనిమిదిన్నర దగ్గర, దాని మీద వృద్ధాప్య సంరక్షణ బీమా, అన్నీ కలిపి ఐదో వంతు పోతది. ఇంక పన్ను. పెండ్లి కాని మనిషికి చివరికి 3,100, 3,200 మధ్యల చేతికి వస్తది. భార్యో భర్తో పని చేయకపోతే పన్ను తరగతి మారి కొంచెం ఎక్కువ మిగులుతది. కిరాయి ప్రకటనలో 'చల్ల కిరాయి' ఒకటి, 'వెచ్చ కిరాయి' ఒకటి ఉంటది. హీటింగ్, నీళ్లు కలిపిందే వెచ్చది, మీ జేబుకెళ్లి పోయేది అదే. అడ్వాన్సు మూడు నెలల చల్ల కిరాయి దాక అడగొచ్చు, చట్టం దానికి మించి ఒప్పుకోదు. మొదటి నెల జీతం రాకముందే ఇది కట్టుడు మొదలైతది. అందుకే నేను అందరికీ చెప్పేది, ఆ ఊర్లో కిరాయి, బస్సు పాసు, పిల్లల డేకేర్, తిండి రాసుకోండి. మిగిలేది ఎంతో ఆ దేశం పైసల్లోనే చూడండి. అక్కడ కూరగాయలు రూపాయలకు అమ్మరు.

అప్పు మాత్రం రూపాయల్లోనే ఉంటది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ నెలకు 45,000 ఉన్నదనుకోండి, అది ఎన్ని యూరోలో ముందే తేల్చుకొని ఖర్చులలో ఒక వరుస వేసుకోండి. ఎంతకంటె తక్కువైతే 'వద్దు' అనాలెనో అది చెప్తది.

నెదర్లాండ్స్ దిక్కు పోయేటోళ్లు రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. అక్కడ ఏటా 8 శాతం హాలిడే అలవెన్సు ఉంటది, సాధారణంగ మే నెలలో ఇస్తరు. ఆఫర్ 65,000 అన్నరంటే, అది ఈ 8 శాతాన్ని కలుపుకొనా, విడిగనా? ఒక్క ప్రశ్న. విడిగ అయితే ఏడాదికి 5,200 యూరోలు ఎక్కువ. రెండోది, బయటి దేశం నుంచి తెచ్చుకున్న ఉద్యోగి జీతంలో 30 శాతం దాక పన్ను లేకుండ ఇచ్చే సౌకర్యం ఉన్నది, ఐదేండ్ల దాక. 2027 నుంచి అది 27 శాతం అయితది. దానికి మీరు, కంపెనీ కలిసి దరఖాస్తు పెట్టాలె, చేరిన నాలుగు నెలల్లోపు పెడితే మొదటి రోజు నుంచి వర్తిస్తది. 'పెడ్తం లెండి' అంటే సరిపోదు, కాంట్రాక్టులో రాయించుకోవాలె.

దుబాయ్ సంగతి ఈ హాల్లో చెప్పాల్సిందే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి ఎడారికి పోయిన మన అన్నలకు ఈ లెక్క మన ఇంజినీర్ల కంటె బాగ తెలుసు. అక్కడ జీతం మీద పన్ను లేదు, నిజమే. కానీ జీతాన్ని బేసిక్, ఇంటి అలవెన్సు, బండి అలవెన్సు అని విడగొడతరు. వచ్చేటప్పుడు చేతికి ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదనే. మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఇద్దరికీ నెలకు 20,000 దిర్హాములే అనుకోండి. ఒకరి బేసిక్ 8,000, ఇంకొకరిది 14,000. ఐదేండ్లకు మొదటి మనిషికి 28,000 వస్తది, రెండో మనిషికి 49,000. నెల జీతంలో ఒక్క దిర్హామ్ తేడా లేదు. ఉద్యోగంలో పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు కూడ అక్కడ యజమాని మీదనే, మీ దగ్గర గుంజే హక్కు లేదు. ఇక్కడ రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటుకు సైతం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకునే హక్కు లేదు. నాయనలు ఇది రాసుకోండి. భూమి కుదువ పెట్టి లక్షలు కట్టిన ఇండ్లను నేను చూసిన.

బ్రిటన్‌కు పోయేటోళ్లు హెల్త్ సర్‌చార్జ్, అంటే అక్కడి సర్కారు వైద్యానికి వీసాతోపాటు కట్టే ఫీజు, మర్చిపోతరు. పెద్ద మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776, వీసా ఎన్నేండ్లకైతే అన్నేండ్లది ముందే కట్టాలె. ఆలుమగలు, ఒక పాప, మూడేండ్ల వీసా అయితే 8,538 పౌండ్లు. ఇది కంపెనీ కట్టాలని చట్టం లేదు, కానీ అడిగితే కట్టే కంపెనీలు ఉన్నయి. అడగకుంటే మీరే కడతరు.

ఇంక అడిగే తీరు. 2019 నుంచి ఆరేండ్లు నేను టేబుల్‌కు అవతలి పక్క కూసున్న, మనుషులను తీసుకునే పని నాదే. అక్కడ ఏం జరుగుతదో చెప్త. ప్రతి పోస్టుకు ఇంత నుంచి ఇంత దాక అని ఒక రేంజ్ ముందే ఒప్పించుకొని పెట్టుకుంటం. మొదట చెప్పే అంకె ఆ రేంజ్ పై అంచుది కాదు, ఎప్పుడూ కాదు. అవతలి మనిషి అడుగుతడని అనుకొనే చెప్తం. యూరప్ వాళ్లు, అమెరికా వాళ్లు దాదాపు అందరూ అడిగేటోళ్లు. మన తెలుగు పిల్లలు మాత్రం చాలామంది 'థాంక్యూ సార్' అని సంతకం పెట్టి పంపేటోళ్లు, అదే రోజు. నాకు కడుపుల దేవినట్టయ్యేది. కంపెనీ తరఫున కూసున్నోణ్ణి, ఆ టేబుల్ దగ్గర వాళ్లకు చెప్పలేను. ఇక్కడికి వచ్చి ఇదంత చెప్పుడు అందుకే.

మనకు మొగమాటం. పెద్దోళ్ల ముందు పైసల మాట ఎత్తొద్దని పెంచిండ్రు. అడిగితే ఆఫర్ పోతదని భయం. ఆరేండ్లలో మర్యాదగ అడిగినందుకు నేను ఒక్క ఆఫర్ కూడ వెనక్కి తీసుకోలే. ఒక్కసారి మాత్రం తీసుకున్నం. ఒకతను లేని ఆఫర్‌ను ఉన్నదని చెప్పి, కాగితం చూపించమంటే దొంగ కాగితం పంపిండు. అబద్ధం ఆడకండి. అబద్ధం అవసరం కూడ లేదు.

'ఇప్పుడు మీ సీటీసీ ఎంత?' అని, అంటే ఏడాది మొత్తం ప్యాకేజీ ఎంతని అడుగుతరు. ఇక్కడ జీతం చెప్పినరా, దాని మీద ఇంత శాతం అని మొదలుపెడతరు, వాళ్ల రేంజ్ అక్కడనే ఉండిపోతది. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే చట్ట విరుద్ధం. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశం కూడ అదే అంటది. అభ్యర్థికి రేంజ్ ముందే చెప్పాలె, పాత జీతం అడగొద్దు. దాన్ని సొంత చట్టాల్లోకి తెచ్చుకోవడానికి సభ్య దేశాలకు పెట్టిన గడువు 2026 జూన్ 7. కాబట్టి నెమ్మదిగ అనండి, 'ఇక్కడి జీతం ఆ ఊరి ఖర్చుకు సరిపోల్చలేం సార్, ఈ పోస్టుకు మీరు పెట్టుకున్న రేంజ్ చెప్తే నేను ఆలోచించుకుంట'. అని ఊకోండి. ఆ ఊకునుడే కష్టం. ఫోన్‌లో మూడు సెకండ్లు సప్పుడు లేకుంటే మనమే 'ఎంతైనా పర్లేదు సార్' అనేస్తం. ఆ మాట అనకండి. బాపు బస్తా కుట్టినట్టు మీ పని మీరు చూసుకోండి.

నోటితోని అనలేకపోతే రాయండి. మా చుట్టాల పిల్ల ఒకామె, నర్సంపేట దిక్కు, ఐదేండ్ల అనుభవం, నెదర్లాండ్స్‌లో ఆఫర్ వచ్చింది. ఆమె మెయిల్‌లో నాలుగే వాక్యాలు. ఆఫర్‌కు కృతజ్ఞతలు, ఈ టీమ్‌లో పని చేయాలని ఉన్నది. ఈ ఊర్లో ఇదే పనికి నేను చూసిన జీతాలు ఇంత నుంచి ఇంత. నేను ఫలానా పని ఒంటరిగ నడిపిన కాబట్టి ఇంత అడుగుతున్న. అది కుదిరితే ఈ శుక్రవారమే సంతకం పెడ్త. మెయిల్ పంపి రెండు రోజులు ఆ పిల్ల అన్నం సరిగ తినలే. మూడో రోజు జవాబు వచ్చింది. జీతం అడిగినంత పెంచలే, సగం పెంచిండ్రు. కానీ చేరినప్పుడు ఇచ్చే బోనస్ కొత్తగ కలిపిండ్రు, రెండు నెలలు ఉండడానికి ఇల్లు, డచ్ భాష క్లాసులు ఇచ్చిండ్రు. జీతం కదలనప్పుడు కదిలేవి ఇవే. విమానం టికెట్లు, సామాను ఖర్చు, సెలవులు, చేరే తేదీ కూడ.

అన్నిటికన్న ముందు లెవెల్ అడగండి. ఆరేండ్ల మనిషిని జూనియర్ అని తీసుకుంటే, ఆ తర్వాత పెరిగే ప్రతి జీతం ఆ మెట్టు మీదికెళ్లే లెక్క. నా 38,000 నన్ను నాలుగేండ్లు కిందికి గుంజింది. ఏటా మూడు శాతం, నాలుగు శాతం పెరిగినా దేని మీద పెరుగుతుంది? బ్లూ కార్డు మీద మొదటి రెండేండ్లు కంపెనీ మారాలంటే అప్పట్లో ఆఫీసు అనుమతి కావాలె, అది కూడ ఒక భయం. చివరికి కంపెనీ మారితేనే ఆ తేడా పూడింది.

బాపుకు కోల్డ్ స్టోరేజి ఉండె కాబట్టి బస్తా కుట్టగలిగిండు. మీకు కోల్డ్ స్టోరేజి ఏంది? చేతిల ఉన్న ఉద్యోగం. మడికొండ ఐటీ పార్కులోనో, హైదరాబాద్‌లోనో, చిన్నదైనా సరే. కాంట్రాక్టు మీద రెండు సంతకాలు పడి, వీసా చేతికి వచ్చేదాక రాజీనామా పెట్టకండి. ఇది ఒకటికి రెండుసార్లు చెప్తున్న. రాజీనామా పెట్టి, ఊర్లో దావత్ ఇచ్చి, అప్పుడు జీతం మాట్లాడుదామంటే మూతి విప్పిన బస్తా యార్డులో పడి ఉన్నట్టే, సాయంత్రానికి ఏ ధరైనా ఒప్పుకోవాలె. అమ్మలూ, నాయనలూ, మీకు దండం పెట్టి చెప్తున్న, ఆఫర్ రాంగనే చుట్టాలందరికీ ప్యాకేజీ చెప్పకండి. మీరు చెప్పిన అంకె మోయలేక, వద్దనాల్సిన ఆఫర్‌కు మీ బిడ్డ తల ఊపుతడు.

అక్కడ ముందు వరుసలో చెల్లె చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా. ... ఆఁ, ఫ్రెషర్లు కూడ అడగొచ్చా అంటున్నది. అడగొచ్చు. రేంజ్ చిన్నగ ఉంటది, జీతం పెద్దగ కదలదు. కానీ ప్రయాణ ఖర్చు, మొదటి నెల ఇల్లు, అడ్వాన్సు కట్టడానికి జీతంలో ముందస్తు, ఇవి అడుగు. వారం టైం అడుగు. ఈ రోజే సంతకం పెట్టాలె అంటే ఎందుకని అడుగు.

ఇంక నేను ఆపుత. ఆఫర్ లెటర్లు తెచ్చుకున్నోళ్లు ఉంటే, బయట వరండాలో టేబుల్ వేసిండ్రు, అక్కడ కూసుంట. మీ పేరు, కంపెనీ పేరు మడిచిపెట్టి అంకెలున్న పేజీ మాత్రం చూపించండి. కాగితం, పెన్ను మీరే తెచ్చుకోండి, మీరు పోయే ఊరి కిరాయి మీతోనే రాయిస్త. కాజీపేటలో రైలు అందుకోవాల్సినోళ్లు ముందు రండి.